కారు షాక్ అబ్జార్బర్లు అరిగిపోతే: గుర్తించడం నుంచి మార్చడం దాకా ఒక సమగ్ర మార్గదర్శి

గతుకుల రోడ్డు మీద కారు ముందు భాగం నుంచి టకటకమని చప్పుడు వినిపించిందంటే చాలు, "షాకులు పోయాయి, నాలుగూ మార్చేయాలి" అన్న తీర్పు మన దగ్గర చాలా త్వరగా వెలువడుతుంది. ఆ తీర్పు ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ అలాంటి చప్పుడు వెనుక తరచూ ఉండేది అరిగిన లింక్ రాడ్డో, కీళ్ల దగ్గర చితికిన రబ్బరు బుష్షో, పైన ఉండే రబ్బరు మౌంటింగో మాత్రమే. నిజంగా అరిగిన షాక్ అబ్జార్బరు చాలాసార్లు ఏ చప్పుడూ చేయదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా పట్టు కోల్పోతుంది గనుక రోజూ అదే కారు నడిపేవారికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. అందువల్ల ఈ వ్యాసంలో మార్చే పద్ధతికి ఎంత చోటు ఇచ్చామో, మార్చాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోవడానికీ దాదాపు అంతే చోటు ఇచ్చాం.

ఇక్కడ చెప్పేదంతా ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఒకే యూనిట్‌గా ఉండేవి), వెనుక టార్షన్ బీమ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే దూలం) ఉన్న చిన్న కార్లను, అంటే మారుతి స్విఫ్ట్, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 వంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసినది. బొలెరోలాగా వెనుక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న వాహనాలకు పరీక్షలు ఇవే వర్తిస్తాయి కానీ విప్పే పద్ధతి వేరు. ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (కంప్యూటరు అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు), ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుకు బదులు గాలి తిత్తులు) ఉన్న ఖరీదైన కార్ల జోలికి ఇంటి దగ్గర వెళ్లకూడదు.

షాక్ అబ్జార్బరు చేసే పని

పేరు చూసి కుదుపును మింగేది షాక్ అబ్జార్బరే అనుకుంటాం. నిజానికి కారు బరువును మోసేదీ, గుంత దెబ్బను మొదట తీసుకునేదీ స్ప్రింగు. అయితే స్ప్రింగు తీసుకున్న శక్తిని దాచుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాక్ అబ్జార్బరు పని. గొట్టంలో నింపిన నూనె గుండా ఒక పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది, పిస్టన్‌లోని సన్నని వాల్వుల గుండా నూనె ఒత్తిడితో దూరుతుంది, ఆ రాపిడిలో కదలిక శక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా కనిపించే రెండు గొట్టాల రకంలో నూనె పైన కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్ వాయువు కూడా ఉంటుంది. వరుస గతుకుల్లో నూనె నురగ కట్టకుండా అది కాపాడుతుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే పరీక్షలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి. షాక్ అబ్జార్బరు అదుపు చేయాల్సిన ఊపులు రెండు. మొదటిది కారు బాడీ ఊపు. అది నెమ్మదైనది, సెకనుకు ఇంచుమించు ఒకటి, ఒకటిన్నర సార్లు. రెండోది చక్రం ఊపు. బాడీ కదలకపోయినా టైరు మాత్రం సెకనుకు పది నుంచి పదిహేను సార్లు రోడ్డు మీద ఎగిరిపడగలదు. వాల్వులు అరిగినా, నూనె తగ్గినా ఈ రెండో ఊపు అదుపు తప్పవచ్చు, అప్పటికి మొదటిది ఇంకా బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. చక్రం గాలిలో ఉన్న ఆ కొద్ది క్షణం బ్రేకూ పనిచేయదు, స్టీరింగూ పనిచేయదు. షాకులు అరిగిన కారు గతుకుల రోడ్డు మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకునేది ఇందుకే. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా ఆ లోటు తీరదు, ఎందుకంటే రోడ్డును తాకని టైరుతో ఏబీఎస్ చేయగలిగింది ఏమీ లేదు.

ఎన్నాళ్లు వస్తాయన్నదానికి ఒకే జవాబు లేదు. మన్రో వంటి తయారీ సంస్థలు 80 వేల కిలోమీటర్ల దగ్గర మార్చుకోమని సలహా ఇస్తాయి. మన రోడ్ల మీద అంతకంటే ముందే పోయినవీ ఉన్నాయి, హైవే మీదే తిరిగి లక్ష దాటినవీ ఉన్నాయి. స్పీడ్ బ్రేకరు గుండ్రంగా, 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతుంది. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న నిటారు సిమెంటు గట్టును ఆ కొలతతో పోల్చి చూస్తే షాకులు ఎందుకు త్వరగా పోతున్నాయో వేరే వివరణ అక్కర్లేదు.

ముందు చూడాలి, తాకాలి

కారు చల్లబడిన తర్వాత, చదునైన చోట నిలిపి, స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి టార్చిలైటుతో ముందు స్ట్రట్‌ను చూడాలి. రాడ్డు గొట్టంలోకి దిగే చోట పలచని తడి, దాని మీద దుమ్ము అంటుకున్న మరక కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రాడ్డు కదిలినప్పుడల్లా సీలు గుండా కొద్ది నూనె పొర బయటికి రావడం సహజమే. గొట్టం మీద నూనె ధారగా కిందికి జారి, స్ప్రింగు కింది పళ్లెం దాకా తడిపి ఉంటే అది సీలు పోయినట్టే. సందేహంగా ఉంటే గుడ్డతో శుభ్రంగా తుడిచి, వారం పది రోజులు నడిపి మళ్లీ చూడాలి. అదే సమయంలో రాడ్డును కప్పే రబ్బరు బూటు చిరిగిందా, దాని లోపల, షాకు చివరిదాకా కుంగినప్పుడు దెబ్బను ఆపే బంప్ స్టాప్ ముక్కలైందా, స్ప్రింగు చివరి చుట్టు విరిగిందా అన్నవి కూడా చూసుకోవాలి. స్ప్రింగు విరిగిన కారును గ్యారేజీకి కూడా నడిపించుకు వెళ్లకూడదు. విరిగిన కొస టైరులోకి దిగే ప్రమాదం ఉంది.

తర్వాత అరచేతిని టైరు చుట్టూ, ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మీదుగా నెమ్మదిగా నడిపించాలి. తీగలు బయటపడేంత అరిగిన టైరు అయితే చేయి కోసుకుంటుంది గనుక ముందు కంటితో చూడాలి. చక్రం చుట్టూ ఒక చోట ఎత్తు, మరో చోట పల్లం, మళ్లీ ఎత్తు అన్నట్టుగా అలలు అలలుగా తగిలితే చక్రం ఎగిరిపడుతూ తిరుగుతోందని అర్థం. బ్యాలెన్సింగ్ సరిగ్గా లేకపోయినా ఇలాంటి అరుగుదల వస్తుంది, కాబట్టి ముందు బ్యాలెన్సింగ్ చేయించి ఆ అనుమానం తీర్చుకోవాలి. ఒకే అంచు అరిగితే అది అలైన్‌మెంట్ సమస్య. మధ్య భాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఈ రెండింటికీ షాకులను అనుమానించకూడదు.

ఇక అందరికీ తెలిసిన నొక్కుడు పరీక్ష. బానెట్ మూల మీద బరువు వేసి రెండు మూడు సార్లు బలంగా నొక్కి వదిలితే కారు ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి; రెండు మూడు సార్లు ఊగితే షాకు పోయినట్టు. ఊగితే పోయినట్టేనన్న మాట నిజమే. ఊగకపోతే బాగున్నట్టేనన్న మాట మాత్రం నిజం కాదు. చేత్తో నొక్కినప్పుడు మనం పరీక్షించేది బాడీ నెమ్మది ఊపును మాత్రమే. చక్రం వేగపు ఊపు ఆ పరీక్షకు అందదు. పైగా బిగుసుకుపోయిన బుష్‌లు, తుప్పు పట్టిన కీళ్లు కూడా ఊపును ఆపి మనల్ని మోసం చేస్తాయి. ఈ పరీక్షలో నెగ్గిన కారును చూసి "షాకులు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని చెప్పే పాత కార్ల బేరగాళ్ల మాటను అంతవరకే తీసుకోవాలి.

నడిపి చూడాలి

ఖాళీగా ఉన్న, తెలిసిన రోడ్డు మీద, వెనుక వాహనాలు లేనప్పుడు గంటకు నలభై కిలోమీటర్ల వేగం నుంచి కొంచెం గట్టిగా బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి దిగి, ఆగిన వెంటనే ఒక్కసారి లేచి నిలబడాలి. ఆగిన తర్వాత కూడా ముందుకూ వెనక్కూ తూగుతూ ఉంటే ముందు షాకులను అనుమానించాలి. పొడవాటి స్పీడ్ బ్రేకరు దాటిన తర్వాత వెనుక భాగం రెండోసారి కూడా లేచి పడితే వెనుకవి. హైవే వంతెనల జాయింట్ల మీద కారు కాసేపు పడవలా తేలడం, పెద్ద లారీ పక్క నుంచి దూసుకెళ్లినప్పుడు అవసరానికి మించి పక్కకు జరగడం, శ్రీశైలం, తిరుమల వంటి ఘాట్ రోడ్ల మలుపుల్లో ఒక పక్కకు వాలి కుదురుకోవడానికి ఆలస్యం చేయడం కూడా ఇవే సూచనలు. నలుగురు ఎక్కి సామాను వేసినప్పుడు ఈ లక్షణాలు బాగా బయటపడతాయి. ఒంటరిగా నడిపి అంతా బాగుందని తేల్చేయకూడదు.

గతుకుల రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు నడిపిన వెంటనే చేసే మరో పరీక్ష ఉంది. పనిచేసే షాకు శక్తిని వేడిగా మారుస్తుంది కాబట్టి దాని గొట్టం వెచ్చబడాలి. ఒకే యాక్సిల్‌కు ఉన్న రెండింటినీ వేలి కొసతో జాగ్రత్తగా తాకి చూస్తే, జంటలో ఒకటి వెచ్చగా, మరొకటి దాదాపు చల్లగా ఉన్నట్టయితే చల్లగా ఉన్నది పనిచేయడం మానేసి ఉండవచ్చు. పక్కనే ఉండే బ్రేకు డిస్కు చేయి కాల్చేంత వేడిగా ఉంటుందన్న సంగతి మరవకూడదు.

చప్పుళ్ల సంగతి

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా షాకులు మార్పించుకున్నవారు, కొత్త షాకులతో పాత చప్పుడును వెంటబెట్టుకుని తిరిగి గ్యారేజీకి వస్తుంటారు. కాబట్టి కొంత ఓపిక అవసరం.

చిన్న చిన్న గతుకుల్లో, తక్కువ వేగంలో వేగంగా టకటకమనే చప్పుడుకు ముందుగా అనుమానించాల్సింది లింక్ రాడ్‌ను. రెండు పక్కల సస్పెన్షన్‌ను కలిపే స్టెబిలైజర్ బార్‌ను స్ట్రట్‌కు తగిలించే చిన్న కడ్డీ ఇది. దీన్ని పట్టుకునే సులువైన ఉపాయం ఒకటి ఉంది. స్పీడ్ బ్రేకరును రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నేరుగా దాటి వినాలి. తర్వాత ఒక పక్క చక్రం మాత్రమే ఎక్కే గతుకు మీదుగా దాటి వినాలి. రెండు చక్రాలూ కలిసి కదిలినప్పుడు బార్ మెలి తిరగదు, లింక్ రాడ్ మీద బలం పడదు. నేరుగా దాటినప్పుడు తగ్గి, ఒక పక్కే ఎక్కినప్పుడు మోగితే లింక్ రాడ్లనూ, బార్ బుష్‌లనూ చూడమని మెకానిక్‌కు చెప్పవచ్చు. షాకుల ధరతో పోలిస్తే లింక్ రాడ్ల ఖర్చు చాలా తక్కువ.

కారు నిలిపి ఉన్నప్పుడు స్టీరింగు తిప్పితే టంగుమని స్ప్రింగు ఎగిరినట్టు చప్పుడు వస్తే స్ట్రట్ పైన ఉండే బేరింగు బిగుసుకుపోయింది. బ్రేకు వేసిన క్షణంలోనో, బండి కదిలిన క్షణంలోనో ఒక్కసారి ధక్ మంటే, చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్ చితికి ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు కటకటలాడితే అది ఇంజను శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు, సస్పెన్షన్ కానే కాదు. పెద్ద గుంతలో మాత్రమే లోహం లోహానికి తగిలినట్టు బరువైన దెబ్బ వినిపిస్తే బంప్ స్టాప్ ముక్కలైపోయి, షాకు ఊపును ఆపలేక చివరిదాకా కుంగుతోందని అనుకోవచ్చు. ఇది మాత్రం నిజంగా షాకుల చప్పుడే.

కొనేముందు

ఒక షాకే కారుతున్నా అదే యాక్సిల్‌కు ఉన్న రెండింటినీ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, మరో పక్క అరిగినది ఉంటే బ్రేకు వేసినప్పుడూ, మలుపులోనూ కారు రెండు పక్కలా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ముందువి పోయాయని వెనుకవి కూడా తప్పనిసరిగా మార్చాలన్న నియమం మాత్రం లేదు. వాటి పరీక్ష వాటిదే. ఇటీవలే మార్చిన జంటలో ఒకటి లోపంతో కారితే ఆ ఒక్కదాన్నే మార్చడం ఒప్పుకోదగ్గ మినహాయింపు. వారంటీలో ఉన్న కారు అయితే ముందు సర్వీస్ సెంటర్‌కు చూపించి, నూనె కారుతున్న విషయాన్ని జాబ్ కార్డు మీద రాయించుకోవాలి.

ముందు స్ట్రట్లు ఎడమకు వేరు, కుడికి వేరు; బ్రేకు గొట్టాన్ని పట్టే బ్రాకెట్ల దిశ మారుతుంది. ఎడమ కుడి అన్నవి డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నప్పటివి, కారుకు ఎదురుగా నిలబడి చూసినవి కావు. దుకాణంలో కారు పేరు చెప్పడం సరిపోదు. మోడల్ సంవత్సరం, పెట్రోలా డీజిలా సీఎన్‌జీయా అన్నది, వీలైతే చాసిస్ నంబరు కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంజను బరువును బట్టి ఒకే కారుకు వేర్వేరు స్ట్రట్లు ఉంటాయి. కంపెనీ అసలు భాగాలు కాకుండా గాబ్రియెల్, మన్రో, కేవైబీ వంటి పేరున్నవాటిని తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే నకిలీలు విరివిగా ఉన్న సరుకు ఇది. బిల్లు ఇవ్వనన్న చోట కొనకూడదు.

స్ట్రట్‌తో పాటు బంప్ స్టాప్, రబ్బరు బూటు, పై మౌంటింగు, దాని బేరింగు, రాడ్డు పైనుండే నట్టు కూడా కొత్తవి తీసుకోవాలి. వీటిలో ఏది తర్వాత పోయినా మళ్లీ స్ట్రట్ మొత్తం విప్పాల్సిందే, కూలీ మళ్లీ ఇవ్వాల్సిందే. చిరిగిన పాత బూటునే కొత్త స్ట్రట్‌కు తొడిగితే దుమ్ము రాడ్డు మీద పడి, నున్నని క్రోమ్ పూతను గీకి, కొత్త సీలును కూడా పాడుచేస్తుంది.

పాత షాకును కోసి, నూనె నింపి, వెల్డింగ్ చేసి ఇచ్చే దుకాణాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఆ పనివాళ్ల చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయడం కాదు గానీ, లోపల అరిగిపోయిన వాల్వులు నూనె మార్చినంత మాత్రాన బాగుపడవు, నైట్రోజన్ ఒత్తిడి సరిగ్గా తిరిగి రాదు, రెండు పక్కలకూ ఒకే పట్టు వస్తుందన్న భరోసా ఉండదు. భాగాలు దొరకని పాతకాలపు కారుకు తప్ప ఈ దారి ఆదా కాదని నా అభిప్రాయం. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు ఇంకా పెద్ద భ్రమ. అవి కారును కొంచెం ఎత్తి స్ప్రింగును గట్టిపరుస్తాయి, అరిగిన షాకు మీద మరింత భారం వేస్తాయి.

ముందు స్ట్రట్‌ను విప్పడం

కావలసినవి: చదునైన గట్టి నేల, ట్రాలీ జాకీ, కారు బరువుకు తగిన రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్క దిమ్మలు, సాకెట్లు, రింగు స్పానర్లు, అలెన్ కీలు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానరు), తుప్పు వదిలించే స్ప్రే, గట్టి తీగ, ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్ కొలతలు. ఈ కొలతలు కారు కారుకూ మారతాయి గనుక ఎవరో చెప్పిన అంకెను వాడకూడదు. కారుతో పాటు డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద నిలిపిన కారు కింద చేయి పెట్టి పనిచేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వీలైతే ముందు రోజు రాత్రే బోల్టులన్నిటి మీదా స్ప్రే కొట్టి ఉంచితే పని సగం తేలికవుతుంది.

హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనుక చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లను కొద్దిగా వదులు చేసి, తర్వాత కారును ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి. ఒక పక్కే మార్చే రోజైనా ముందు చక్రాలు రెండింటినీ ఎత్తడం మేలు. ఒకే పక్క ఎత్తితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్ మీద బలం పడుతుంది, అది సులువుగా ఊడిరాదు. చక్రాలు తీసిన తర్వాత విప్పకముందే నాలుగు పక్కల నుంచి ఫొటోలు తీసి ఉంచుకోవాలి. బోల్టు తల ఎటువైపు ఉంది, బ్రేకు గొట్టం ఏ క్లిప్పు గుండా పోతోంది అన్నది తిరిగి బిగించేటప్పుడు కచ్చితంగా సందేహం వస్తుంది.

స్ట్రట్ కింది భాగం రెండు పెద్ద బోల్టులతో, చక్రాన్ని పట్టి ఉంచే లోహపు భాగమైన నకిల్‌కు బిగించి ఉంటుంది. వాటిని వదులు చేసే ముందు స్ట్రట్, నకిల్ కలిసే చోట పెయింటుతోనో, పదునైన మేకుతోనో గుర్తు గీయాలి. ఆ బోల్టు రంధ్రాల్లోని కొద్ది ఆటే చక్రం నిలువు కోణాన్ని, అంటే క్యాంబర్‌ను మారుస్తుంది. తర్వాత బ్రేకు గొట్టాన్ని, ఏబీఎస్ సెన్సరు తీగను స్ట్రట్ బ్రాకెట్ నుంచి విడిపించాలి. బ్రేకు గొట్టం ఊడదీయనక్కర్లేదు, క్లిప్పు నుంచి తప్పిస్తే చాలు. లింక్ రాడ్ స్ట్రట్‌కు తగిలించి ఉంటే దాని నట్టు తిప్పేటప్పుడు బాల్ కూడా వెంట తిరుగుతుంది; బోల్టు కొసలోని గాడిలో అలెన్ కీ పెట్టి పట్టుకుని నట్టు తిప్పాలి.

ఇప్పుడు లోయర్ ఆర్మ్ కింద జాకీని తేలికగా ఆనించి, నకిల్ బోల్టులు రెండూ తీయాలి. అవి ఊడగానే నకిల్ బయటికి ఒరిగిపోతుంది. అలా వదిలేస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు విడిపోవచ్చు, బ్రేకు గొట్టం మీద బరువు పడుతుంది. అందుకే తీగతో దాన్ని బాడీకి కట్టి ఉంచాలి. చివరగా బానెట్ కింద స్ట్రట్ పైభాగాన్ని పట్టి ఉంచిన నట్లు తీయాలి. చాలా కార్లలో చుట్టూ రెండు మూడు చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తాయి. ఆ మధ్య నట్టును ఈ దశలో ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. బిగుతుగా నొక్కి ఉన్న స్ప్రింగును ఆపి ఉంచుతున్నది అదే. కొన్ని కార్లలో పై అమరిక వేరుగా ఉంటుంది కాబట్టి ఏ నట్టు దేనిదో మాన్యువల్‌లో చూసి నిర్ధారించుకున్నాకే స్పానరు పెట్టాలి. ఒక చేత్తో స్ట్రట్‌ను కింది నుంచి పట్టుకుని చివరి నట్టు తీస్తే మొత్తం యూనిట్ బయటికి వస్తుంది.

స్ప్రింగు దగ్గర ఆగి ఆలోచించాలి

సొంతంగా చేసుకునేవారిలో ఎక్కువ మంది ఇక్కడితో ఆగిపోవాలన్నది నా గట్టి సలహా. విప్పిన స్ట్రట్లను, కొత్త భాగాలను పట్టుకుని స్ప్రింగు ప్రెస్ ఉన్న గ్యారేజీకి వెళితే తక్కువ కూలీకే ఈ ఒక్క పని చేసి ఇస్తారు. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే చేతివేళ్లతో ఆగదు, తల పగలగొట్టగలదు.

అయినా చేయదలచుకున్నవారు మంచి రకం స్ప్రింగు కంప్రెసర్ల జంటను వాడాలి. రెండింటినీ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు పట్టేలా తగిలించి, భద్రతా పిన్నులు ఉంటే అవి పడ్డాయని చూసుకోవాలి. ఇంపాక్ట్ గన్ వాడకుండా చేతి స్పానరుతో ఒకదాన్ని రెండు మూడు చుట్లు, మరొకదాన్ని అన్నే చుట్లు మారుస్తూ బిగించాలి. స్ట్రట్ రెండు కొసలూ మన వైపు గానీ, పక్కన ఉన్నవారి వైపు గానీ ఉండకూడదు. పై పళ్లెం, కింది పళ్లెం మధ్య స్ప్రింగు వదులై చేత్తో కదిలేదాకా బిగించిన తర్వాతే మధ్య నట్టు తీయాలి. రాడ్డు వెంట తిరగకుండా దాని కొసకు అలెన్ కీ పెట్టాలి. కటింగ్ ప్లయరుతో రాడ్డును పట్టుకుంటే దాని మీద పడే గీత కొన్నాళ్లలోనే సీలును చీలుస్తుంది.

విప్పిన భాగాలను వచ్చిన వరుసలోనే నేల మీద పేర్చుకోవాలి. పాత షాకు రాడ్డును చేత్తో పూర్తిగా నొక్కి లాగి చూస్తే అనుమానం అక్కడే తీరిపోతుంది. ఆ ప్రయాణంలో ఎక్కడైనా పట్టు లేకుండా జారిపోయే చోటు తగిలితే అది లోపల పోయిందన్నమాట.

కొత్త స్ట్రట్‌ను నిలువుగా పట్టుకుని రాడ్డును నాలుగైదు సార్లు నిండుగా నొక్కి వదలాలి. పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలి వాయువు నూనె గదిలోకి చేరుతుంది. ఇలా చేస్తే అది పైకి చేరి పట్టు సమంగా వస్తుంది. ఈ చిన్న పని మరచినవారే కొత్తవి వేసిన మొదటి రోజు లొడలొడమంటోందని ఫిర్యాదు చేస్తుంటారు. తర్వాత బంప్ స్టాప్, బూటు, స్ప్రింగు, పై పళ్లెం, బేరింగు, మౌంటింగు వరుసగా ఎక్కించి కొత్త నట్టు వేయాలి. స్ప్రింగు కింది కొస పళ్లెంలోని మెట్టుకు సరిగ్గా ఆనాలి. అది తప్పితే నడిచేటప్పుడు స్ప్రింగు తిరిగి చప్పుడు చేస్తుంది. రెండు కొసలూ కూర్చున్నాయని చూస్తూ కంప్రెసర్లను మళ్లీ ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా వదలాలి.

తిరిగి బిగించడం

పై నట్లను ముందు చేత్తో తగిలించి, తర్వాత నకిల్‌ను స్ట్రట్‌లోకి ఎక్కించి, బోల్టులు మునుపటి దిశలోనే తొడిగి, గీసుకున్న గుర్తులు కలిపి టార్క్ రెంచ్‌తో బిగించాలి. కొన్ని కార్లకు ఈ నకిల్ నట్లు కొత్తవే వాడాలని తయారీదారులు చెబుతారు. లింక్ రాడ్, బ్రేకు గొట్టం, సెన్సరు తీగ వాటి చోట్లలో కూర్చున్న తర్వాత స్టీరింగును ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, గొట్టం మెలి తిరగడం లేదని, టైరుకు తగలదని నిర్ధారించుకోవాలి. చక్రం ఎక్కించి, నట్లను ఎదురెదురుగా వరుస మారుస్తూ బిగించి, కారు నేల మీదికి దిగిన తర్వాత పూర్తి టార్క్ ఇవ్వాలి. లోయర్ ఆర్మ్ బోల్టులను ఏ కారణంగానైనా వదులు చేసి ఉంటే వాటిని మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలి తిరిగే ఉండి త్వరగా చీలిపోతుంది. బండి కదిలించే ముందు బ్రేకు పెడల్ ఒకసారి నొక్కి గట్టిగా ఉందని చూసుకోవాలి.

వెనుక షాకులు

చాలా టార్షన్ బీమ్ కార్లలో ఇవి స్ప్రింగుతో సంబంధం లేకుండా విడిగా ఉంటాయి గనుక పని చాలా తేలిక, స్ప్రింగు కంప్రెసరు అవసరం లేదు. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకే పనిచేస్తుంది కాబట్టి ఈసారి దిమ్మలు ముందు చక్రాలకు పెట్టి, కారును గేరులో ఉంచాలి. బాడీని స్టాండ్ల మీద నిలిపి, బీమ్ కింద జాకీని తప్పనిసరిగా ఆనించాలి. చక్రం ఎంతవరకు కిందికి దిగాలో ఆపుతున్నది ఆ షాకే, అది ఊడగానే బీమ్ దిగిపోయి స్ప్రింగు జారిపడవచ్చు, బ్రేకు గొట్టం సాగిపోవచ్చు. ఒక పక్క పూర్తి చేశాకే రెండో పక్క మొదలుపెట్టాలి. పై బోల్టు కొన్ని కార్లలో వీల్ ఆర్చ్ లోపల, కొన్నింటిలో డిక్కీ పక్క ట్రిమ్ వెనుక ఉంటుంది. కింది బోల్టు రబ్బరు బుష్ గుండా పోతుంది కాబట్టి జాకీతో బీమ్‌ను కారు నిలబడే ఎత్తు దాకా లేపి అప్పుడు బిగించాలి.

పని అయిన తర్వాత

ముందు స్ట్రట్లు మార్చాక, గుర్తులు ఎంత జాగ్రత్తగా కలిపినా, వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. క్యాంబర్ కొద్దిగా మారినా దాని వెంట టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం కూడా మారుతుంది, కొత్త షాకులతో పాత టైరు లోపలి అంచు నిశ్శబ్దంగా అరిగిపోతుంది. చిన్న కార్లలో అలైన్‌మెంట్ మిషను దగ్గర సర్దేది ఎక్కువగా టో మాత్రమే. క్యాంబర్ హద్దు దాటి ఉంటే నకిల్ బోల్టులు వదులు చేసి మళ్లీ కూర్చోబెట్టమని అడగాలి. ఇప్పటికే అలలుగా అరిగిన టైర్లు కొత్త షాకులతో కూడా కొంతకాలం గుర్రుమంటూనే ఉంటాయి, వాటిని వెనక్కి మార్చుకుంటే స్టీరింగులో తెలిసే వణుకు తగ్గుతుంది. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు, స్ట్రట్ పై నట్లు, నకిల్ బోల్టులు మరోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. కారు మునుపటి కంటే గట్టిగా అనిపించడం మామూలే. అరిగిన షాకుల మెత్తదనానికి అలవాటుపడిన ఒళ్లు కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కానీ చప్పుడు వినిపిస్తే అలవాటు కోసం ఎదురుచూడకుండా మధ్య నట్టు, స్ప్రింగు కొస, లింక్ రాడ్ నట్టు అన్న వరుసలో వెంటనే తనిఖీ చేయాలి.

తీసేసిన పాత షాకులలో ఇంకా వాయువు ఒత్తిడి, కొంత నూనె మిగిలి ఉంటాయి. వాటిని గ్యాస్ కట్టరుతో కోయడం, చెత్త మంటలో వేయడం ప్రమాదకరం. నూనె కారకుండా ప్లాస్టిక్ సంచిలో నిలువుగా ఉంచి, లోపల ఒత్తిడి ఉందని చెప్పి మరీ పాత ఇనుము వ్యాపారికి ఇవ్వాలి. గ్యారేజీలో మార్పించుకున్నట్టయితే పాతవి చూపించమని అడిగి, రాడ్డు నొక్కి చూసి, అక్కడే వదిలేసి రావచ్చు.